తలకు గాయమైన నాన్నగారు ఇంటికొస్తున్నారు: ఏం సర్దుకోవాలి, ఏం నేర్చుకోవాలి?

చిగురు
నమస్కారమండీ. నాన్నగారికి 63 ఏళ్లు. తలకు ఎడమవైపు దెబ్బ, ఆపరేషన్ అయి ఆరు వారాలు. పుర్రె ఎముక ముక్క తీశారు, ఇంకా తిరిగి పెట్టలేదు. కుడి చెయ్యి, కుడి కాలు బలం తక్కువ. ముక్కులో రైల్స్ ట్యూబు (పొట్టలోకి ఆహారం పోసే గొట్టం) ఉంది, నోటితో కూడా కాస్త కాస్త మొదలుపెట్టమన్నారు. మాటలు ఒకటీ అరా. సాయంత్రమయ్యేసరికి కేకలు, గొట్టం లాగేసుకోవడం. వచ్చే వారం డిశ్చార్జి. చూసుకునేది అమ్మ, అన్నయ్య, నేను. "జాగ్రత్తగా చూసుకోండి" అని అందరూ అంటున్నారు, ఎలాగో చెప్పేవాళ్లు లేరు. విడమరిచి చెప్పగలరా?

వార్డు వెలుగు
ఇంకా వారం ఉంది కాబట్టి ముందు ఆసుపత్రిలో చెయ్యాల్సిన పనులు. ట్యూబు ఫీడు ఎలా ఇస్తారో చూడటం సరిపోదు. నర్సు పక్కనుండగా మీ ముగ్గురూ తలా రెండు మూడుసార్లు మీ చేత్తో ఇవ్వండి. ముక్కు దగ్గర ట్యూబు మీద ఏ అంకె ఉందో రాసుకోండి. ఇంట్లో ప్రతి ఫీడుకు ముందూ ఆ అంకె అక్కడే ఉందా అని చూడాలి. బయటికి జారి ఉంటే చుక్క కూడా పొయ్యొద్దు, మీరే లోపలికి తొయ్యొద్దు. అంకె సరిగ్గా ఉన్నా సరే, ట్యూబు నోట్లో చుట్టుకుని కనిపిస్తేనో, ఫీడు మొదలవగానే దగ్గు వస్తేనో ఆపేయాలి.

ఇంకొన్ని అడిగి కాగితం మీద రాయించుకోండి: తీసిన ఎముకను ఎక్కడ భద్రపరిచారు (కొందరికి పొట్ట చర్మం కింద, కొందరికి అతిశీతల పెట్టెలో), తిరిగి పెట్టేది సుమారు ఎప్పుడు, ఏ పక్కకు పడుకోబెట్టకూడదు, ఫిట్స్ మందు ఎన్నాళ్లు, రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఫోను ఎవరికి.

ఎముక లేని చోట చర్మం మెత్తగా, గుండె కొట్టుకున్నట్టు కదులుతూ కనిపిస్తుంది. భయపడక్కర్లేదు. ఎప్పుడూ ఉండే దానికన్నా బిగిసి పైకి ఉబికినా, దానితో పాటు మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి. కొందరికి దీనికి విరుద్ధంగా లోపలికి గుంట పడుతుంది. కూర్చోబెడితే తలనొప్పి, బలహీనత ఎక్కువై, పడుకోబెడితే తగ్గుతుంటే అది కూడా సర్జనుకు చెప్పాల్సిన విషయమే. మంచం దిగే ప్రతిసారీ హెల్మెట్ ఉండాలి. రెండడుగుల దూరంలోని కుర్చీకైనా సరే.

వార్డు వెలుగు
పై పోస్టులో మర్చిపోయాను. వీటిలో ఏది కొత్తగా కనిపించినా రేపటిదాకా ఆగొద్దు:
– లేపడం కష్టమవుతోంది, నిన్నటికన్నా ఇవాళ మత్తు ఎక్కువ
– మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి
– రెండు కంటిపాపలు ఒకే సైజులో లేవు
– బాగున్న చెయ్యి, కాలు బలహీనపడటం
– ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి పలుచటి ద్రవం కారడం
– జ్వరం, మెడ బిగుసుకోవడం
– ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం (కాలి రక్తనాళంలో గడ్డ కావచ్చు, ఆ పిక్కను నలపొద్దు)

ఇవి కాక, మెల్లగా వచ్చేవి రెండున్నాయి. పెద్దవయసులో, ముఖ్యంగా రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లలో, దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మెదడు పైపొర కింద రక్తం కొద్దికొద్దిగా చేరవచ్చు. రెండోది మెదడులో నీరు చేరడం. బాగుపడుతున్న మనిషి నడక మళ్లీ తడబడుతోంది, మూత్రం ఆపుకోలేకపోతున్నారు, మతిమరుపు పెరుగుతోంది అంటే "వయసు కదా" అని సరిపెట్టుకోకండి. స్కాను అడగండి.

దారిదీపం
నోటితో ఇవ్వడం గురించి: స్ట్రా పెట్టి నీళ్లు పీల్చమంటే తేలిక. స్పూనుకన్నా త్వరగా అవుతుంది.

గుటక
పై సలహా పాటించకండి, దయచేసి. మింగడం దెబ్బతిన్న మనిషికి పలుచటి నీళ్లే అన్నిటికన్నా కష్టం. నీళ్లు వేగంగా జారతాయి. గొంతులో శ్వాసనాళం తలుపు మూసుకునేలోపే లోపలికి దిగిపోతాయి. స్ట్రాతో అయితే ఒక్కసారే ఎక్కువ నీళ్లు గొంతు వెనక్కి చేరతాయి. పొలమారితే మనకు తెలుస్తుంది, కానీ తలగాయం వాళ్లలో చాలామందికి దగ్గే రాదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోయి, మూడోరోజుకు జ్వరంతో, నెమ్ముతో బయటపడుతుంది.

అందుకే డిశ్చార్జికి ముందు స్పీచ్ థెరపిస్టుతో మింగే పరీక్ష చేయించి, ద్రవం ఎంత చిక్కగా ఉండాలో, ఆహారం ఎంత మెత్తగా ఉండాలో రాయించుకోండి. 0 నుంచి 7 దాకా అంతర్జాతీయ కొలమానం ఒకటుంది. 0 అంటే మామూలు నీళ్లు, 4 అంటే గింజల్లేని ముద్ద, 7 అంటే మామూలు తిండి. "కాస్త మెత్తగా" అని ఎవరైనా అంటే ఎంత అని అంకె అడగండి. అమ్మగారి "కాస్త" వేరు, అన్నయ్య "కాస్త" వేరు.

తినిపించే పద్ధతి:
నిటారుగా కూర్చోబెట్టండి, తుంటి దగ్గర 90 డిగ్రీలు. పడక వాలులో తినిపించొద్దు. టీవీ కట్టేయండి, మాట్లాడించకండి. మీరు నిలబడి తినిపిస్తే ఆయన తలెత్తుతారు, తలెత్తితే శ్వాసనాళం దారి తెరుచుకుంటుంది. కాబట్టి ఆయన కళ్లకు సమానంగా మీరూ కూర్చోండి. చిన్న స్పూను, అందులో సగం. నోట్లో బాగా పనిచేసే వైపు, అంటే మీ నాన్నగారికి ఎడమవైపు, పెట్టండి. కంఠం ముడి పైకి లేచి దిగడం చూసి, మళ్లీ ఒకసారి ఒట్టి గుటక వెయ్యమని, అప్పుడు తర్వాతి స్పూను. గడ్డం కిందికి దించి మింగమనడం కొందరికి పనికొస్తుంది, కొందరికి చెరుపు చేస్తుంది. పరీక్ష చేసినవాళ్లు చెబితేనే చేయించండి.

ఆపాల్సిన గుర్తులు: గొంతులో నీళ్లున్నట్టు తడిగా బొంగురు మాట, కళ్లలో నీళ్లు, ఊపిరి వేగం, బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోవడం. 20 నిమిషాల్లో అయినంతే, అలసిపోయాక తినిపించిన ప్రతి స్పూనూ ప్రమాదమే. మిగతాది ట్యూబు ద్వారా. తిన్నాక కనీసం అరగంట కూర్చోవాలి, కుడి బుగ్గలో వేలికి మెత్తటి గుడ్డ చుట్టి చూడాలి, పళ్లు తోమాలి. నోరు శుభ్రం లేకపోతే ఊపిరితిత్తుల్లోకి జారిన ఉమ్మే నెమ్ముకు కారణమవుతుంది. చాలా ఇళ్లలో వదిలేసేది ఇదే.

వార్డు వెలుగు
ట్యూబు ఫీడు గురించి దీనికి కలుపుతున్నాను. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి, ఫీడు అయ్యాక మరో 30–60 నిమిషాలు అలాగే. సిరంజి లోపలి కడ్డీ తీసేసి, బరువుకు దానంతట అదే దిగనివ్వండి. 200–250 మిల్లీలీటర్లకు 20–30 నిమిషాలు పట్టాలి. కడ్డీతో తోస్తే వాంతి, విరేచనాలు. ముందు 30 మిల్లీలీటర్ల నీళ్లు, తర్వాత 30. ట్యూబు మూసుకుపోవడానికి ముఖ్య కారణం, మందులన్నీ కలిపి నూరి పొయ్యడం. ఒక్కో మందు విడిగా మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, మధ్యలో కొద్దిగా నీళ్లు.

మందులపెట్టె
నూరకూడని మాత్రలుంటాయి. పేరు పక్కన ఎస్సార్, సీఆర్, ఎక్స్ఆర్ లాంటి అక్షరాలుంటే అది మెల్లగా కరిగే మాత్ర. నూరితే రోజంతటి మోతాదు ఒక్కసారే ఎక్కుతుంది. దానికి బదులు సిరప్ రాయించుకోండి.

ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు) ట్యూబు ద్వారా ఇస్తుంటే, ఫీడుతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే ఆ మందుకు ముందూ వెనకా గంట, రెండు గంటలు ఫీడు ఆపమంటారు. మీ డాక్టరు ఎంత ఖాళీ చెప్పారో ఫీడు వేళల పట్టికలోనే రాసి పెట్టండి. లెవెటిరాసెటామ్ (ఇదీ ఫిట్స్ మందే) వాడుతున్నవాళ్లలో కొందరికి చిరాకు, కోపం వస్తాయి. సాయంత్రం కేకలు ఆ మందు మొదలుపెట్టాకే పెరిగాయా అని తేదీలు చూసుకుని డాక్టరుకు చెప్పండి. మీరుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. కండరాల బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్ కూడా అంతే, ఒక్కసారి ఆపకూడదు.

నిద్ర పట్టట్లేదని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర, జలుబని మగతనిచ్చే మాత్ర ఇవ్వొద్దు. కొన్ని మత్తుమందులు అయోమయం పెంచి, కోలుకోవడాన్ని వెనక్కి లాగుతాయి.

"మెదడు శక్తికి" అని బంధువులు చెప్పే మందుల సంగతి కూడా. సిటికోలిన్‌ను తలగాయం రోగులు వెయ్యిమందికి పైగా ఉన్న ప్రయోగంలో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తుత్తి మందుకన్నా మేలు ఏమీ కనబడలేదు. అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగంలో, స్పృహ పూర్తిగా రాని 184 మందిలో అమాంటడీన్ తీసుకున్నవాళ్లు ఆ నాలుగు వారాల్లో త్వరగా మెరుగయ్యారు. కానీ అది అలాంటివాళ్లకు, డాక్టరు చూసి ఇచ్చేది. మీ నాన్నగారు ఆ దశ దాటారు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

అడుగు
ఫిజియో వైపు నుంచి. మీ కేసులో చిక్కు ఏమిటంటే ఎముక లేనిది ఎడమవైపు, బలం లేనిది కుడివైపు. అటు తిప్పితే తల, ఇటు తిప్పితే భుజం. అలాగని వెల్లకిలా వదిలేస్తే నడుం కింద, మడమల మీద పుండ్లు. రెండు గంటలకోసారి మార్చాల్సిందే.

వంతులు ఇలా: వెల్లకిలా, తర్వాత కుడివైపు, మళ్లీ వెల్లకిలా, తర్వాత ఎడమకు కొద్దిగా వాలు. కుడివైపుకు తిప్పేటప్పుడు భుజపు రెక్కను చేత్తో పట్టి ముందుకు జరపండి, శరీరం బరువు భుజం మీద కూర్చోకూడదు. చేతిని పట్టి లాగి తిప్పొద్దు. ఎడమకు అంటే పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలే. తల పైకి చూస్తూ ఉండాలి, ఎముక లేని చోట దిండు తగలకూడదు. ఇది మీ సర్జను ఒప్పుకుంటేనే. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఆ వైపు బరువు పూర్తిగా మానిపించండి, అక్కడ మర్దన చెయ్యొద్దు.

మంచం నుంచి కుర్చీకి:
1. హెల్మెట్, జారని చెప్పులు, నడుముకు పట్టుకునే బెల్టు.
2. మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. చాలాకాలం పడుకున్నవాళ్లకు లేవగానే రక్తపోటు పడిపోతుంది. కళ్లు బైర్లు కమ్మితే మళ్లీ పడుకోబెట్టండి.
3. చక్రాల కుర్చీ ఆయన బలమున్న వైపు, అంటే ఎడమన, మంచానికి కొద్దిగా ఏటవాలుగా. రెండు బ్రేకులూ వెయ్యండి, కాళ్ల పలకలు పక్కకు మడవండి. ఈ పలకలు తట్టుకుని పడే ప్రమాదం ఉంది.
4. ఆయన్ను అంచుకు జరిపి, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి.
5. మీ మోకాలితో ఆయన కుడి మోకాలికి ఆనింపు ఇవ్వండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగమని, మూడు లెక్కపెట్టి లేపండి. పట్టు బెల్టు మీద. చంకల్లో చేతులు పెట్టి లేపితే బలం లేని భుజం గూడు జారుతుంది. ఆయన చేతులు మీ మెడ చుట్టూ వెయ్యనివ్వకండి.

కూర్చున్నప్పుడు కుడి చెయ్యి దిండు మీద ఉండాలి, వేలాడకూడదు. చొక్కా తొడిగేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. చేతిలో మెత్తటి బంతి పెట్టి నొక్కమని అందరూ చెబుతారు. వేళ్లు అప్పటికే ముడుచుకుంటున్న మనిషికి అది ముడుచుకోవడాన్నే నేర్పుతుంది. వేళ్లు తెరవడం సాధన చేయించండి. తుంటి, మోచెయ్యి హఠాత్తుగా వేడెక్కి, వాచి, వంగడం మానేస్తే బలవంతంగా వంచొద్దు. కీలు పక్కన కొత్త ఎముక పెరుగుతుండవచ్చు, చూపించాలి.

గట్టిపట్టు
గొట్టం లాగేసుకుంటున్నారు కదా, రాత్రుళ్లు చేతులు మంచానికి కట్టేస్తే సరి. ఆసుపత్రిలోనూ అదే చేస్తారు.

నిదానం
ఆసుపత్రిలో కట్టినా అది ఒక ఆదేశం మీద, కొంతసేపు, నర్సు గమనిస్తుండగా. ఇంట్లో కట్టేస్తే అయోమయంలో ఉన్న మనిషికి ఎవరో బంధించారనే తెలుస్తుంది, ఇంకా తన్నుకుంటారు, ఊపిరాడని ప్రమాదం కూడా. అంతకన్నా పనిచేసేవి: ట్యూబును చెంప మీద అంటించి చెవి వెనక నుంచి కళ్లకు కనబడకుండా తిప్పడం, ఎడమ చేతికి పట్టుకోవడానికి ఏదైనా ఇవ్వడం (తువ్వాలు, బొత్తాలున్న గుడ్డ), మంచం ఎత్తు తగ్గించడం. రోజూ లాగేసుకుంటుంటే పొట్టలోకి నేరుగా పెట్టే గొట్టం గురించి అడగండి.

కేకలు వేసే దశ తలగాయంలో తెలిసినదే. తలగాయం నుంచి కోలుకునే దశలను చెప్పే రాంచో లాస్ అమీగోస్ అనే కొలమానంలో నాలుగో మెట్టు సరిగ్గా ఇదే: అయోమయం, ఆందోళన. కింది మెట్ల నుంచి పైకి వస్తున్న మనిషి ఈ మెట్టు మీదుగా పోవచ్చు. కాబట్టి ముందుగా వెతకాల్సింది కారణం. నొప్పి, మూత్రం నిండటం, మలబద్ధకం, గొట్టం లాగుడు, చలి, వెలుతురు, గోల. సాయంత్రమే అయితే, ఆ గంటకు ముందు ఏం జరిగిందో వారం రోజులు రాయండి: సమయం, ముందు ఏమైంది, ఏం చేశారు, ఎంతసేపటికి తగ్గింది. చాలాసార్లు జవాబు "నాలుగింటికి చుట్టాలు వచ్చారు" అని వస్తుంది. ఒకేసారి ఇద్దరికన్నా ఎక్కువ వద్దు, పదిహేను నిమిషాలు మించొద్దు, మాట్లాడేది ఒక్కరే. వాదించొద్దు. మనిషికి, ఇంటికి ప్రమాదం లేకపోతే పది నిమిషాలు తలుపు దగ్గరికి తప్పుకుని చూడండి.

ఇక అసలు మాట. పరీక్షలు పెట్టకండి. "నేనెవరు? చెప్పు నాన్నా", "ఇవాళ ఏ వారం?" అని వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, జరిగేది మాత్రం చెరుపు. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషి తప్పు ఊహిస్తే, ఆ తప్పే గుర్తుండిపోతుంది, అది తప్పని చెప్పిన సంగతి మాత్రం గుర్తుండదు. అందుకని జవాబు ముందే చెప్పండి: "నాన్నా, నేను మీ చిన్నదాన్ని. ఇవాళ మంగళవారం. మనం ఇంట్లో ఉన్నాం." తర్వాత అరనిమిషానికి అదే విషయం అడగండి, చెప్పగలిగితే నిమిషానికి, రెండుకు, నాలుగుకు, ఎనిమిదికి. తప్పితే జవాబు మీరే చెప్పి, అంతకు ముందు దాటిన విరామానికి వెనక్కి వెళ్లండి. ఒకసారికి ఒక్క విషయమే.

నిదానం
మాట గురించి విడిగా. మీ నాన్నగారి గాయం ఎడమవైపు, భాష ఎక్కువమందికి ఆ వైపే. మాట రాకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు, ఆయనకు ఏది ఎంత ఉందో స్పీచ్ థెరపిస్టు చెబుతారు. ఒక వాక్యంలో ఒకే పని. చెప్పి మనసులో పది లెక్కపెట్టండి. జవాబు రాలేదని వెంటనే వేరే మాటల్లో మళ్లీ చెబితే, సగంలో ఉన్న ఆలోచన మొదటికొస్తుంది. మళ్లీ చెప్పాల్సివస్తే అవే మాటలు. "ఏం కావాలి?" అనకుండా రెండు వస్తువులు చూపించి ఏది అనండి. తల ఊపుడు నమ్మవచ్చా అన్నది తేల్చుకోవడానికి లైటు వెలుగుతుండగా "లైటు వెలుగుతోందా?" అని, కాసేపటికి "లైటు ఆరిపోయిందా?" అని అడగండి. రెండిటికీ అవునంటే ఆ అవునును మందుల విషయంలో నమ్మకండి.

రెండోగది
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మకు గాయం కుడివైపు. కంచంలో ఎడమ సగం అలాగే వదిలేస్తుంది, ఎడమ చెయ్యి తనది కాదంటుంది. చూపు పరీక్ష బాగుంది. మొండితనమా?

నిదానం
మొండితనం కాదండీ. కళ్లు చూస్తున్నాయి, ఎడమవైపు ఒకటి ఉందని మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదు. తనలో లోపం ఉందని తెలియకపోవడం కూడా గాయంలో భాగమే, వాదించి తెలియజెప్పలేం. గంట, నీళ్లు లాంటి అవసరమైనవి కుడివైపు పెట్టండి. సాధన మాత్రం ఎడమ నుంచి: ఎదురుగా నిలబడి మాట మొదలుపెట్టి, మెల్లగా ఎడమకు జరగండి. చదివించేటప్పుడు పేజీ ఎడమ అంచున ఎర్రటి గీత గీసి, "గీత కనిపించేదాకా తల తిప్పు" అనండి. సగం తిన్నాక కంచాన్ని తిప్పి పెట్టండి. చక్రాల కుర్చీ బ్రేకు ఎడమది మర్చిపోతారు, దాని పిడికి ఎర్రటి టేపు చుట్టండి.

పాత కాపరి
ముగ్గురున్నారు కాబట్టి వంతులు ఇప్పుడే రాసుకోండి. రాత్రి తిప్పేవాళ్లు మర్నాడు కుర్చీకి మార్చే పని పెట్టుకోకూడదు, నిద్రలేని చేతులతోనే జారవిడుస్తారు. డాక్టర్లతో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఒకే నోట్‌బుక్: మందు వేళ, ఫీడు ఎంత, మూత్రం, విరేచనం, నిద్ర గంటలు, కొత్తగా ఏం చేశారు. ఈ చివరి గడి ముఖ్యం. మొదటి ఆరు నెలల్లో మార్పు త్వరగా, ఆ తర్వాత చాలా మెల్లగా, రెండేళ్లు దాటినా ఉంటుంది. నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే తప్ప ఆ మెల్లని మార్పు కంటికి ఆనదు.

థెరపీ ఎక్కువైతే త్వరగా బాగవుతారని రోజంతా చేయించకండి. 20 నిమిషాలు పని, తర్వాత చీకటిగా, నిశ్శబ్దంగా విశ్రాంతి. కష్టమైనవి పొద్దున. ఆవలింత, ఒకే మాట తిప్పి తిప్పి అనడం, చిరాకు కనిపిస్తే అప్పటికే ఆలస్యమైంది, రేపు ఐదు నిమిషాలు ముందే ఆపండి. పగటి నిద్ర అరగంట దాటితే రాత్రి కేకలుగా తీర్చుకుంటారు.

చిగురు
అందరికీ కృతజ్ఞతలండీ, ప్రింటు తీసి గోడకు పెడుతున్నాం. రెండే సందేహాలు. ఇంట్లో ఫిట్స్ వస్తే? రాత్రి మూత్రానికి తనంతట తాను లేచిపోతే?

వార్డు వెలుగు
ఫిట్స్: గడియారం చూడండి, ఇదే మొదటి పని. పక్కకు తిప్పండి, మీ నాన్నగారికి కుడిపక్కకు, ఎముక లేని వైపు పైకి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో స్పూను, వేలు, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టొద్దు. కదలకుండా అదిమి పట్టొద్దు. ఫీడు నడుస్తుంటే ఆపి గొట్టం మూసేయండి. 5 నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, తర్వాత తేరుకోకపోయినా అంబులెన్స్. ఇంట్లో మొదటిసారి వస్తే నిమిషంలో ఆగినా చూపించాల్సిందే. వీలైతే ఒకరు వీడియో తియ్యండి, ఏ వైపు మొదలైందో డాక్టరుకు అదే చెబుతుంది.

నిదానం
రెండోదానికి: పగలు రెండు గంటలకోసారి మీరే తీసుకెళ్లండి, అడగడం కోసం ఆగకండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, మధ్యలో తిప్పడానికి మీరెలాగూ లేస్తారు, అప్పుడే బాటిల్ పెట్టండి. పడుకునే ముందు రెండు గంటల్లో ద్రవాలు తగ్గించి ఆ లెక్క పగటిలో కలపండి, మొత్తం తగ్గించకూడదు. మంచానికి ఎడమవైపున కమోడ్ కుర్చీ, నేల దగ్గర చిన్న లైటు, పరుపు కింద ఒత్తిడి తగ్గితే మోగే అలారం. మంచం పక్క కడ్డీలు పూర్తిగా మూసేస్తే వాటిమీదుగా ఎక్కి ఇంకా ఎత్తునుంచి పడతారు, ఒక వైపు సగమే ఉంచండి. బాత్‌రూమ్ తలుపు గడియ ఇవాళే తీసేయించండి.